బిగుసుకున్న కీలు

"మందు నకిలీది. సంతకం నీది," అన్నాడు చీఫ్, ఫారం బల్లమీద పెడుతూ.

ఏజెంట్ నైన్ ఆ కాగితం వైపు చూడలేదు. అందులో రెండు గళ్ళున్నాయని అతనికి తెలుసు. ఆకార పరీక్ష, కదలిక పరీక్ష. రెంటికీ టిక్ పెట్టింది అతనే. మొదటిది చేశాడు. రెండోది చెయ్యలేదు.

"మెషీన్ లాగ్ చూశాం. పన్నెండు నిమిషాల పరీక్ష నడవనే లేదు. అప్పుడెక్కడున్నావ్?"

"ఇక్కడే, ఆసుపత్రి కాంటీన్‌లో. కాఫీ తాగుతూ."

"ఒక్కడివేనా?"

"నెమలితో."

నెమలి అనేది కోడ్‌నేమ్. విదేశీ ముఠాను వదిలి మనవైపు వచ్చానని చెప్పిన అందగత్తె. పొద్దున మందు పెట్టెతో పాటు నైన్ పక్కనే కారులో వచ్చింది. సీసా ఆ దారిలోనే మారింది. కాఫీ తర్వాత ఆమె అజాపజా లేదు.

ఆ విరుగుడు మందు ఎక్కాల్సింది డ్రైవర్ బాబాయికి. పదిహేనేళ్ళుగా నైన్ కారు నడుపుతున్న మనిషి. నిన్న సాయంత్రం ముఠా విషం కలిపిన టీ నైన్ కోసమే వచ్చింది. నైన్ ఫోన్ వదలకపోతే, చల్లారిపోతుందని బాబాయి తాగేశాడు.

"ఇంజెక్షన్ ఇచ్చి గంటయింది. గుణం లేదు. పదకొండు దాటితే ఊపిరి ఆగుతుందంటున్నాడు డాక్టరు. ఇప్పుడు పదింపావు. గేట్లు మూయించాను, నెమలి లోపలే ఉంది. అసలు సీసా మీద ముఠాకి ఆశ కాబట్టి పారెయ్యదు. వెళ్ళు."

తలుపు దగ్గర నైన్ అక్క నిలబడి ఉంది. ఆ మందు తయారుచేసింది ఆమే. మళ్ళీ చెయ్యాలంటే మూడు వారాలు పడుతుంది.

"మిగిలిన చుక్కని ఇప్పుడే చూశాను," అంది. "ప్రోటీన్ అంటే ఫోటో కాదురా. అది విషాన్ని నోట పట్టి ముక్కలు చేసి వదలాలి. ఒంటి వేడికి దాని మధ్య కీలు తెరుచుకోవాలి, మూసుకోవాలి, సెకనుకి వందలసార్లు. వాళ్ళు ఆ కీలు దగ్గర ఒక్క అమైనో ఆమ్లం మార్చారు. ఆకారం అచ్చం అదే. కీలు బిగుసుకుపోయింది. మర తుప్పుపట్టిన కత్తెర ఏం కోస్తుంది?"

ఇదే సంగతి ఆమె వారం కిందట చెబితే, "నీ పాఠాలు పిల్లలకి చెప్పుకో" అని నైన్ నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"సరే, ఆవిడ ఎలా నడుస్తుంది?" అడిగింది అక్క.

"ముఖం బాగా గుర్తుంది."

"ఇక్కడ అందరికీ మాస్కులేరా. నడక అడిగాను."

వారం రోజులు కళ్ళప్పగించి చూసి కూడా అతనికి తెలియలేదు. రెండో అంతస్తు వరండా చివర స్ప్రింగు తలుపు పక్కన నిలబడ్డాడు. ఆకుపచ్చ గౌన్లు, టోపీలు, స్టీలు ట్రేలు. ఒక్కొక్కరూ అరచేత్తో తలుపు తోసి వెళుతున్నారు.

పది నలభై మూడుకి ఒకామె వెనక్కి తిరిగి, వీపుతో తోసింది.

కాంటీన్ తలుపునీ నెమలి ఇలాగే తోసింది. వయ్యారం అనుకుని మురిసిపోయాడు. నిజానికి ఆమె కుడి భుజం పైకి లేవదని ఇప్పుడర్థమైంది. అక్కడేదో పాత దెబ్బ, కీలు బిగుసుకుపోయింది.

ట్రే కింద అర, అరలో చల్లటి సీసా. ఆమె ఎడమచేతిలోకి పిస్తోలు వచ్చేలోపే నైన్ మణికట్టు పట్టుకున్నాడు.

"ముఖం కప్పుకున్నానుగా, ఎలా పట్టావ్?"

"ముఖం చూడలేదు, కదలిక చూశాను. ఆ పని ముందే చెయ్యాల్సింది."

సీసాతో పరుగెత్తాడు. "అక్కా, ఎక్కించెయ్. టైం లేదు."

"ఇది అసలుదేనని ఎవరు చెప్పారు? మళ్ళీ నీ టిక్కేనా?" అంటూ అక్క సూట్‌కేసంత మెషీన్‌లో చుక్క వేసింది. "పన్నెండు నిమిషాలు. కూర్చో."

కూర్చున్నాడు. అద్దం అవతల బాబాయి ఛాతీ లేస్తోంది, ఆగుతోంది, లేస్తోంది. పొద్దున చిటికెలో అయిపోయిన పన్నెండు నిమిషాలు ఇప్పుడు తెమలడం లేదు. ఇంత సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు. పది యాభై ఏడుకి తెరమీద గీత కదిలింది. పైకి, కిందికి, పైకి. కీలు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పదకొండుకి అర నిమిషం ఉండగా సూది దిగింది.

మర్నాడు పొద్దున బాబాయి కళ్ళు తెరిచాడు. చీఫ్ చెప్పకముందే నైన్ మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాడు. టీ, టిక్, కాఫీ, ఏదీ దాచలేదు.

బాబాయి తల అతనివైపు తిప్పాడు.

"ఆ కాఫీ అయినా బాగుందా బాబూ?"

"లేదు బాబాయ్. చక్కెర ఎక్కువైంది."

"పోనీలే," అన్నాడు బాబాయి. "బాగుందంటే మాత్రం నేను ఊరుకునేవాణ్ణి కాదు."