ఇరవై ఐదో బిడ్డ

1982 మార్చి 18, గురువారం. ఉదయం 11.05.

ధర్మవరం గుట్టకింద వీధిలోని శిశు సంరక్షణ కేంద్రంలో ఒక ఉయ్యాల ఖాళీగా ఉంది.

ఉండాల్సిన పిల్లలు ఇరవై ఐదుగురు. అనంతపురం నుంచి తనిఖీకి వచ్చిన వెల్ఫేర్ ఆఫీసరు నాగలక్ష్మమ్మ మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ ఇరవై నలుగురే తేలారు. ఆమె వెంట వచ్చిన డాక్టరు, స్టెతస్కోపు మెడలో వేసుకుని ఏం చేయాలో తెలియక గోడవారగా నిలబడ్డాడు. ఆయా తిప్పమ్మ ఉయ్యాల బట్ట ఎత్తి చూసింది. దించింది. మళ్ళీ ఎత్తి చూసింది. ఆ తర్వాత నేలమీద చతికిలబడింది.

తప్పిపోయింది పద్నాలుగు నెలల ఆడపిల్ల. పేరు బయమ్మ. తల్లి కదిరమ్మ పట్టు మగ్గాల ఇంట్లో కూలికి పోతుంది. తండ్రి బెంగుళూరులో పని దొరికిందని పోయి, ఏడాదిగా ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు.

సబ్ ఇన్‌స్పెక్టర్ గంగాధరప్ప అక్కడికి చేరేసరికి 11.40. యాభై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులు. ముందు రోజంతా నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల కొట్లాటలు విడదీసి ఒళ్ళు హూనమైంది. వరసగా మూడో ఏడు వాన ముఖం చాటేసింది. కరువొస్తే దొంగతనాలు పెరుగుతాయని అందరూ అంటారు గానీ, ఆయన అనుభవంలో ముందుగా పెరిగేవి ఏడుపులు. అవన్నీ తిరిగి తిరిగి చివరికి స్టేషన్ మెట్లెక్కుతాయి.

హెడ్ కానిస్టేబుల్ లక్ష్మన్న ఎదురొచ్చి సెల్యూట్ కొట్టాడు.

"దొంగ దొరికినాడు సార్. వెనక సందులో తిరుగుతాండిన సాధువు. ఆంజినప్ప అంట. జనాలు నాలుగు తగిలించి పట్టుకొచ్చినారు."

"బిడ్డ?"

"బిడ్డ ఇంకా దొరకలేదు సార్."

"బిడ్డ దొరక్కుండా దొంగ యెట్ల దొరికినాడప్పా?"

లక్ష్మన్న లోపలికి చెయ్యి చూపించాడు. "ఉయ్యాల బట్టకి విభూది అంటుకోనుండాది సార్. ఈ వీధిలో సంచీనిండా విభూది పెట్టుకోని తిరిగేది ఆయప్ప ఒక్కడే."

గంగాధరప్ప లోపలికి వెళ్ళాడు. పొడుగాటి గది. బండల కప్పు. వీధివైపు ఒక తలుపు, వెనక సందువైపు ఒక తలుపు. గోడకు ప్రభుత్వం వారి బోర్డు. పనికి పోయే తల్లుల బిడ్డలను పగటిపూట ఉచితంగా చూసుకునేందుకు రెండేళ్ళ కిందట ఈ కేంద్రం వచ్చింది. అంతకుముందు ఈ వీధి ఆడవాళ్ళు బిడ్డ నడుముకు గుడ్డపేలిక చుట్టి, దాని రెండో కొస మగ్గం గుంజకు కట్టేసి పని చేసుకునేవారు. కేంద్రం వచ్చాక ఇరవై ఐదు మంది పిల్లలకు ఆ కట్లు ఊడాయి. ఇంకా ముప్పై ఒక్కమంది తల్లులు దరఖాస్తులు పెట్టుకుని, ఎవరి పేరు తీసేస్తారా అని ఎదురుచూస్తున్నారు.

ఆయన తిప్పమ్మను పిలిచాడు.

"బిడ్డని ఎప్పుడు తెచ్చినారు?"

"ఏడున్నరకు సార్. వాళ్ళమ్మే తెచ్చి పండుకోబెట్టింది."

"ఈ బట్ట పొద్దున్నుంచీ ఇదేనా?"

"కాదు సార్. ఆఫీసరమ్మ వస్తాదని పదీ పదికి అన్ని ఉయ్యాలలకీ ఉతికిన బట్టలు వేస్తి. ఈ పిల్లని చుట్టిన గుడ్డతోనే ఎత్తి మార్చినా."

"పాత బట్ట యాడ?"

"బకెట్లో నానబెట్నా. దాంట్లో రెండు వేపరెబ్బలు ఉండె. చీమలు రాకుండా పెట్టింటాదిలే అనుకుంటి."

"చివరిగా బిడ్డని ఎప్పుడు చూసినావు?"

"పదీ నలభైకి జీపు హారను ఇనపడింది. అందరినీ వసారాలోకి ఎత్తుకోని పోయినా. ఈ పిల్ల నిద్రపోతాంటే లేపడమెందుకని విడిచిపెడితి. అంతే సార్."

"ఏడుపు వినబడలేదా?"

"లేదు సార్. అదే నాకూ అర్థం కాలేదు. కొత్త మొహం కనపడితే ఆకాశం పగిలేటట్ల ఏడుస్తాది ఆ పిల్ల."

గంగాధరప్ప ఉయ్యాల బట్టను వెలుతురులోకి తెచ్చాడు. తెల్లటి బట్ట. రెండు అంచుల దగ్గరా బూడిద మరకలు. ఒక్కో అంచుకు రెండేసి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బొటనవేలు, చూపుడువేలు. మిగతా వేళ్ళ జాడ ఎక్కడా లేదు. వేలితో రాసి వాసన చూశాడు. ఏ వాసనా లేదు.

బయట స్తంభానికి ఆనుకుని ఆంజినప్ప కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లింది. మోచేతుల దాకా, అరచేతుల నిండా, గడ్డంలో కూడా విభూతి. దగ్గరికి వెళ్ళగానే కర్పూరం వాసన గుప్పుమంది.

"పదిన్నర మొదలు పదకొండు దాకా యాడున్నావు సామీ?"

"రైల్వే స్టేషన్ కాడ ఇడ్లీ తింటాంటి నాయనా. దుడ్లు లేవంటే ఆ అంగడాయన తిట్టినాడు. పోయి అడుగు, మర్చిపోయుండడు."

లక్ష్మన్న సైకిల్ మీద వెళ్ళి అడిగి వచ్చాడు. అంగడివాడు మర్చిపోలేదు. మళ్ళీ ఒకసారి తిట్టి పంపాడు.

సాధువును వదిలేశాక జనం కళ్ళు తిప్పమ్మ మీదికి మళ్ళాయి. పన్నెండున్నర కల్లా ఆమె బిడ్డను అమ్ముకుందన్నారు. ఒంటి గంటకు ఎవరికి అమ్ముకుందో కూడా చెప్పేశారు. ఒకామె ముఖాన ఉమ్మింది. తిప్పమ్మ కొంగుతో తుడుచుకుని, ఏడుస్తున్న మరో బిడ్డకు పాలు పట్టింది. నాగలక్ష్మమ్మ మాత్రం కాగితం మీద ఏదో రాసుకుంటూ, "విచారణ తేలేదాకా కేంద్రం మూసేయక తప్పదేమో సార్" అంది.

ఆ మాట వసారాలోకి వినబడింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పి చూశారు.

కబురు పోగానే మగ్గం దగ్గర నుంచి లేచొచ్చిన కదిరమ్మ ఆ వసారాలోనే, నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. గంగాధరప్ప ఆమెను పెద్దగా ఏమీ అడగలేదు. బిడ్డ పోయిన తల్లిని ఏమడుగుతాం? లక్ష్మన్నను పిలిచి, ఆమెను ఒంటరిగా వదలొద్దని చెప్పాడు.

"బావిలో దూకుతాదని భయమా సార్? మన బావుల్లో నీళ్ళుంటే కదా" అన్నాడు లక్ష్మన్న.

గంగాధరప్పకు నవ్వు రాలేదు.

వీధీ, పక్క సందులూ ఇంటింటికీ సోదా చేశారు. దినుసుల డబ్బాలు, మగ్గం గుంటలు, రంగు తొట్లు అన్నీ చూశారు. బస్టాండుకు, స్టేషనుకు మనుషులు పోయారు. బిడ్డ జాడ లేదు. ఈలోగా కదిరమ్మ మూడుసార్లు లేచింది. మూడుసార్లూ ఒకటే మాట.

"ఒక్కసారి ఇంటికి పోయొస్తా. విడవండమ్మా."

"ఇంట్లో ఏముండాదే తల్లీ, కూర్చో" అంటూ ఆడవాళ్ళు భుజాలు పట్టి కూర్చోబెట్టారు.

2.15కి మగ్గాల యజమాని గోవిందప్ప వచ్చాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కదిరమ్మ వైపు జాలిగానే చూశాడు గానీ, మాట మాత్రం ఎస్సైతో అన్నాడు.

"తప్పుగా అనుకోవద్దు సార్. ఆమె చేతిలో పని సగంలో ఆగిపోయుండాది. పెళ్ళి చీరలు. రేపు పొద్దున మగ్గం ఆడకపోతే నా నోట్లో మన్నే. పక్క వీధి నుంచి ఇంకొకరిని పిలిపించాల్నా వద్దా?"

"ఏం పని ఆమెది?"

"పడుగు అతకడం సార్. పాత నిలువుపోగుల కొసలకి కొత్తవి కలపల్ల."

గంగాధరప్ప ఆయన వెంట వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అడిగితే, నీడ కోసమని చెప్పేవాడేమో. మగ్గాల ఇంట్లో చీకటిగా, చల్లగా ఉంది. ఒక మగ్గం ముందు ఖాళీ పీట. ఎదురుగా ఒక పక్క అయిపోయిన పాత పడుగు కొసలు, ఇంకో పక్క కొత్త పడుగు కొసలు. వేల పోగులు. సగం దాకా అతికి ఉన్నాయి. పీట పక్కన చిప్పలో బూడిద.

"ఇదేంది?"

"పొయ్యి బూడిద సార్, జల్లెడ పట్టినాం. పట్టుపోగు జారతాది కదా. వేళ్ళు దీంట్లో అద్దుకోని రెండు కొసలూ కలిపి పురి తిప్పితే నిలబడతాది."

"ఏ వేళ్ళు?"

గోవిందప్ప రెండు చేతులూ ముందుకు చాచి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు.

ఈ వీధిలో పుట్టి పెరిగిన మనుషులు. పూటపూటా ఈ బూడిద తొక్కుతూ తిరిగే మనుషులు. ఒక్కరంటే ఒక్కరికి గుర్తు రాలేదు. ఉయ్యాల మీద కనబడేసరికి అది విభూతి అయిపోయింది. వాళ్ళ మాట పట్టుకుని తానూ మూడు గంటలు తిరిగాడు.

"ఈరోజు అతికే పని మీద ఎంతమంది ఉన్నారు, ఈ వీధిలో?"

"కదిరమ్మ ఒక్కతే సార్. తక్కిన ఇద్దరూ కదిరి జాతరకు పోయినారు."

"ఆమె మధ్యలో లేచిందా?"

"పదిన్నరప్పుడు నీళ్ళకని పోయింది. ఆఫీసరుతో డాక్టరు కూడా వస్తాండాడంట, పిల్లలందరినీ చూస్తాడంట అని ఎవరో అన్న్యారు. అప్పుడే లేసింది."

డాక్టరు. వేపరెబ్బలు. మూడుసార్లు అడిగిన ఇల్లు.

గంగాధరప్ప పరుగెత్తి చాలా ఏళ్ళయింది. ఆ రోజు పరుగెత్తాడు.

2.35. వసారాలో జనాన్ని తోసుకుంటూ వెళ్ళి కదిరమ్మ ముందు నిలబడ్డాడు. అరవలేదు.

"తాళంచెవి ఇయ్యమ్మా."

ఆమె తలెత్తి చూసింది. బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసింది. గంగాధరప్ప అందుకునే లోపు ఆమే లేచి పరుగు తీసింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

రెండు సందుల అవతల ఒక గది. ఆ చుట్టుపక్కల సోదా చేయని ఇల్లు అదొక్కటే. బిడ్డ పోయిన తల్లి ఇంట్లో ఎవరు వెతుకుతారు? తలుపు తీయగానే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి కొట్టింది. చాపమీద, వేపాకుల మధ్య బయమ్మ. కళ్ళు మూసుకుని ఉంది. ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు. పెదాలు ఎండి అట్టకట్టాయి.

వెనకే వచ్చిన డాక్టరు నాడి పట్టి చూశాడు.

"ఉంది. నీళ్ళు కాచి తెండి. చక్కెర, ఉప్పు" అన్నాడు డాక్టరు.

నాలుగో చెంచాకు బయమ్మ కళ్ళు తెరిచింది. ఐదో చెంచా కదిరమ్మే పట్టింది.

సాయంత్రం 4.30. కేంద్రం వసారాలో అందరూ పోగయ్యారు. కదిరమ్మ మెట్ల కింద, వీధిలో కూర్చుంది. ఒళ్ళో బిడ్డ.

గంగాధరప్ప ఉయ్యాల బట్ట చూపించాడు.

"సాధువు ఎత్తింటే చెయ్యంతా అంటుండాల. ఇది రెండే వేళ్ళు. కర్పూరం వాసన లేదు. ఇది మీ వీధి బూడిదే. బిడ్డ ఏడవలేదంటే, ఎత్తింది కొత్త మనిషి కాదు. పొద్దున్నే తట్టు పోసింది బిడ్డకి. ఈయమ్మ వేపరెబ్బలు పెట్టి, ఒళ్ళంతా గుడ్డ చుట్టి తెచ్చింది. డాక్టరు చూస్తే పేరు తీసేస్తారని వెనక సందులో నుంచి ఎత్తుకోని పోయింది. జీపు పోతానే మళ్ళీ తెచ్చి పెడదామని. అంతేనా అమ్మా?"

"గంటసేపే అనుకుంటి సార్" అంది కదిరమ్మ. "ఈలోపల మీరంతా వచ్చిరి."

తిప్పమ్మ మెట్ల దాకా వచ్చింది.

"నా మొగాన ఉమ్మినప్పుడు నువ్వు ఈడే ఉండావు కదే కదిరీ. ఒక్క మాట అనలేకపోతివా?"

"నోరు రాలేదక్కా. చెప్తే పేరు పోతాది. చెప్పకుంటే బిడ్డ పోతాది. ఇంటికి విడవండని మొత్తుకుంటి. ఎవరూ విడవకపోతిరి."

తిప్పమ్మ లోపలికి పోయి పిల్లలను చూసుకుంది.

నాగలక్ష్మమ్మ చెడ్డ మనిషి కాదు. పొద్దుటినుంచీ ఆమె కూడా మంచినీళ్ళు ముట్టలేదు.

"ఇరవై నలుగురు పసివాళ్ళ మధ్య తట్టున్న బిడ్డను పడుకోబెట్టింది సార్. రేపు వాళ్ళకెవరికైనా వస్తే? పేరు తీసెయ్యక తప్పదు."

"బిడ్డకి జబ్బు చేస్తే, ఆ నాలుగు దినాలు తల్లికి ప్రభుత్వం ఏమైనా ఇస్తాదామ్మా?"

"అలాంటి పథకం లేదు సార్."

"అయితే నా దగ్గర కూడా కేసు లేదు" అన్నాడు గంగాధరప్ప. "తప్పిపోయిన బిడ్డ దొరికింది. అంతే రాస్తా."

ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. రేపు లేవకపోయినా బాగుండుననిపించింది.

పోలీసు జీపు ఎక్కబోతూ వెనక్కి చూశాడు. నాగలక్ష్మమ్మ బల్ల వేయించుకుని కూర్చుంది. ఒక ఖాళీ వచ్చింది. అప్పటికే ఆ సంగతి వీధంతా పాకింది. పొద్దుటినుంచీ కదిరమ్మ భుజాలు పట్టుకుని ఏడ్చిన ఆడవాళ్ళే, ఇళ్ళకు పోయి చంటిబిడ్డలను చంకనేసుకుని వచ్చి వరుసలో నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆయనకు వాళ్ళ మీద కోపం రావాల్సింది. రాలేదు.

వరుస చివర, అందరికీ నాలుగడుగుల ఎడంగా, కదిరమ్మ నిలబడి ఉంది. కొంగు కింద బయమ్మ.

గంగాధరప్ప వెనుదిరిగి ఆమె దగ్గరకు నడిచాడు.

"నువ్వెందుకమ్మా ఈడ నిలబడినావు?"

"తట్టు పది దినాలకు దిగిపోతాది సార్" అంది కదిరమ్మ. "వాళ్ళల్లో ఎవరైనా మానుకుంటే మళ్ళీ నా పేరు రావల్ల కదా."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. వరుస ఒక అడుగు ముందుకు జరిగింది. ఆమె కూడా జరిగింది.