మగ్గం గుంతలో సీసా

హిందూపురం ఆస్పత్రిలో హనుమంతమ్మకు రాళ్లు నిండిన పిత్తాశయం తీసేసినారు. నర్సు ఆమె మొగుడు దాసప్ప చేతికి ఒక సీసా ఇచ్చింది. మందునీళ్లలో, తీసిన తిత్తి ముడుచుకోని ఉండాది.

"మీ ధర్మవరంలో రాఘవేంద్ర ల్యాబులో ఇయ్యి తాతా. వట్టి రాళ్లే అనుకున్నా సరే, తీసిన ముక్కను పరీక్ష చేయాల్సిందే."

ఆ పేరు వింటూనే దాసప్ప మొగం మాడింది. రాఘవేంద్ర నాయన చీరల షావుకారు. దాసప్ప నేసిన చీరలో పోగు తప్పిందని నలుగురి ముందర విసిరేసినోడు. ఆయన పోయి శానా కాలమాయ. అయినా దాసప్ప ఆ గడప తొక్కలేదు. ప్రతి చీరా తిరగేసి, వెలుతురుకు పట్టి చూడందే మడతపెట్టని మనిషి, ఈ సీసాను మాత్రం ఎవురికీ చూపించే పని లేదని బస్సు పెనుకొండ దాటేలోగా తీర్మానించుకున్నాడు.

మనిషి ఒంట్లోది బయట పారేయకూడదు. మగ్గం కింద కాళ్లుంచే గుంతలో ఒక మూల తవ్వి పూడ్చినాడు.

"ల్యాబులో ఏమన్నారయ్యా?" చాప మీది నుంచి అడిగింది హనుమంతమ్మ.

"ఏం లేదన్నారు. గమ్మున పండుకో."

"ఇన్నాళ్లకి ఆ గడప తొక్కితివి. మేలు చేసినావులే."

ఆమె నవ్వు చూడలేకపోయినాడు.

కొన్నాళ్లకు, ఒక మజ్జాన్నం మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. మసక వెలుతురులోనే నేస్తాండాడు. పట్టు వాసనలోకి మెల్లగా ఆస్పత్రి మందు వాసన వచ్చింది. పాదం కింద మెత్తగా, తడిగా ఏదో తగిలింది. కప్పేమో అనుకున్నాడు.

అది వెచ్చగా ఉండాది... ఉబ్బింది... తగ్గింది...

"తిరగేసి చూసినావా...?"

గొంతు హనుమంతమ్మది. గుంతలో నుంచి వచ్చింది. పక్క గదిలో ఆమె గురక వినపడతానే ఉండాది.

"వెలుతురుకు పట్టి... చూసినావా...?"

గోళ్లతో మట్టి తోడినాడు. సీసా మూత బిగించింది బిగించినట్టే ఉండాది. నీళ్లు నిండుగా ఉండాయి. లోపల తిత్తి మాత్రం లేదు.

వానలోనే పోయి ల్యాబు గడప ముందర చెప్పులు విడిచినాడు. సీసాను కండువాలో దాచుకున్నాడు.

"రా పెద్దాయనా. మీ ఇంటికి మనిషిని పంపుదామనుకుంటాండా." రాఘవేంద్ర గొంతు తగ్గించినాడు. "ముక్కలో క్యాన్సర్ కనపడింది. స్కానింగుకు అందలేదు. మొదట్లోనే ఉండాది. తొందరగా ఇంకో ఆపరేషన్ చేపిస్తే అవ్వ దక్కుతాది. ఆమెకు నువ్వే మెల్లగా చెప్పాల."

దాసప్ప కండువాలోని సీసాను ఒకసారి తడుముకున్నాడు.

"ముక్క... ఎవురు తెచ్చినారప్పా?"

"అవ్వే గదా. కాళ్లనిండా మట్టి. కూచోమన్నా కూచోలేదు."

హనుమంతమ్మ కుట్లు ఇంకా మానలేదు. వాకిలి దాటిందే లేదు.

"ఇంకో ముక్క ఉండాది, మా ఆయన మగ్గంలో కూచున్నప్పుడు తీసుకోనొస్తా అనింది. ఎవురిదవ్వా అంటే నవ్వింది."

దాసప్ప చొక్కా చూసుకున్నాడు. కుడి డొక్క మీద, పచ్చటి తడిలో, గుంత మట్టి వేళ్ల అచ్చు.