కుందేలు మసి

చీకటి పడ్డాక నల్లకొమ్ము దగ్గర ఆగకూడదంటారు.

ఖోవ్స్‌గోల్ సరస్సు తూర్పు ఒడ్డున, కొండ ఒకటి నీళ్లలోకి పొడుచుకొచ్చిన చోటది. చలికాలం సరస్సు గడ్డకట్టిందంటే చాలు, రాత్రిళ్లు అక్కడ మంచు కిందనించి ఎవరో తలుపు బాదుతారట. టక్... టక్... టక్. మంచు పగుళ్ల మోత ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. అది మూలుగుతుంది, ఈల వేస్తుంది. ఇది వేరు — ఇది బాదుడు.

బాదేది, అక్కడ లారీతో సహా మునిగిపోయిన దష్‌న్యామేనని ఊరంతా తేల్చేసింది. మంచు మీద లారీ నడిపేవాడెవడైనా తలుపు తెరిచే ఉంచుతాడు, మంచు విరిగితే దూకడానికి. దష్‌న్యామ్ లారీని నీళ్లలోంచి లాగితే తలుపు మూసే ఉంది. అద్దం పగిలి ఉంది. మనిషి మాత్రం దొరకలేదు. తాగి తలుపు మూసుకున్నాడన్నారు. చచ్చాక బుద్ధొచ్చి, తలుపు తియ్యమని దారినపోయేవాళ్లని పిలుస్తున్నాడన్నారు. దగ్గరికెళ్తే లోపలికి లాగేస్తాడన్నారు.

ఈ మాట ఉయంగా చెవిన పడని రోజు లేదు. దష్‌న్యామ్ ఆమె తండ్రి.

వీపున మూటలేసుకుని ఒడ్డు వెంట నడవడానికి చలికాలం పట్నంవాళ్లు వస్తారు. వాళ్లకి దారి చూపే పని ఉయంగాకి కావాలి. "పిల్ల గట్టిదే. కానీ వాళ్ల నాన్న కాపలా ఉన్న దారిన దాని వెంట ఎవడొస్తాడు?" అని నవ్వారు ఆ పని చేసేవాళ్లు.

"నల్లకొమ్ము దగ్గర ఒక రాత్రి పడుకుని వస్తా. అప్పుడు మూస్తారా నోళ్లు?"

సాక్ష్యానికి చోయ్‌జిల్‌ని తోడిచ్చి పంపారు. దారి చూపేవాళ్లలో పాతకాపు. నోరు జాస్తి.

బయల్దేరేటప్పుడు నానమ్మ కెటిల్ అడుగున వేలు రాసి ఉయంగా నుదుట మసి పెట్టింది. చీకట్లో పసిబిడ్డని బయటికి తీసుకెళ్లేటప్పుడు అలా పెడతారు. ఇది మనిషి పిల్ల కాదు, కుందేలు పిల్ల అనుకుని, రాత్రిళ్లు తిరిగే పీడలేవో పక్కకి పోతాయని.

"ఇంత మనిషిని, నాకెందుకే?"

"నాకంటే పెద్దదానివా? నించో."

చిన్నప్పుడు ఆ మసి నాన్నే పెట్టేవాడు. లారీ గొలుసు పడి చీలిన బొటనవేలు ఆయనది. ఎప్పుడు పెట్టినా బొట్టు మధ్యలో సన్నటి తెల్ల గీత మిగిలేది.

రోజంతా ఒడ్డు వెంట నడిచారు. గడ్డకట్టిన మాంసం కుడుములు సంచిలో గులకరాళ్లలా గలగలలాడాయి. కనురెప్పలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. పొద్దు గుంకేసరికి నల్లకొమ్ము కింద గుడారం వేసి, రేకు పొయ్యి రాజేశారు.

"మీ నాన్నొస్తే టీ పొయ్యనా?" అన్నాడు చోయ్‌జిల్.

"నీ చేతి టీ తాగితే ఆయన మళ్లీ చస్తాడు, బాబాయ్."

చోయ్‌జిల్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే —

టక్... టక్... టక్.

ఉయంగా లేచింది. చోయ్‌జిల్ ఆమె బూటు పట్టుకున్నాడు. "పోకే... నీ మొహానికి దారీ వద్దు, ఏమీ వద్దు. నువ్వే గెలిచావని చెప్తాను, కూర్చో."

"నాకు అబద్ధపు సాక్ష్యం వద్దు. వదులు."

మంచు మీదికి నడిచింది. చప్పుడు సరిగ్గా ఆమె అరికాళ్ల కిందకి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించింది.

"నాన్నా."

టక్. టక్. టక్. ఆగదే!

అప్పుడు తట్టింది ఆమెకి. ఆయనకి తను ఎలా తెలుస్తుంది? నుదుట మసి ఉందిగా... ఆయన కళ్లకి తనొక కుందేలు.

చేతి తొడుగు లాగి పారేసింది. గుప్పెడు మంచు పొడి తీసుకుని నుదురు మండేదాకా రుద్దుకుంది.

"ఇప్పుడు చూడు. కుందేల్ని కాదు, నీ కూతుర్ని. లాగుతావంటగా అందర్నీ? ఏదీ... లాగు!"

చప్పుడు ఆగింది.

గాలి కూడా ఆగింది.

తర్వాత — టక్. ఈసారి కాస్త అవతల, ఒడ్డు వైపు. ఉయంగా అటు నడిచింది. ఇంకాస్త అవతల... టక్. పోయేకొద్దీ అది ముందుకి జరుగుతోంది. తొందరపెడుతోంది. టక్‌టక్‌టక్!

"తరుముతున్నావా నన్ను?" అని అరుస్తూనే ఒడ్డు రాళ్ల మీద కాలు పెట్టింది.

వెనక పెద్ద మూలుగు. ఇందాక ఆమె చెవి ఆనించిన చోట మంచు నోరు తెరుచుకుంది. నల్లటి నీళ్లు పొగలు కక్కాయి.

అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్లూ... పిలవడం కాదు. పొమ్మనడం. పలచబడ్డ మంచు మీదనించి పొండి, పొండి అని బాదడం.

గుడారంలోకి వచ్చి, ఏడుపూ కోపమూ కలిసి, జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చోయ్‌జిల్ దీపం ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"మసి... తుడిచేశానన్నావుగా?"

ఉయంగా ఫోన్ తీసి, నల్లటి అద్దంలో చూసుకుంది.

నుదుట మసి. తడి ఆరలేదు. నానమ్మ వేలికి రెండింతలుంది, డీజిల్ వాసనేస్తోంది. మధ్యలో — సన్నటి తెల్ల గీత.

"చూశావుగా, బాబాయ్," అంది. తల వంచలేదు. "ఇది చెప్పు ఊళ్లో. మా నాన్న ఎవర్నీ లాగలేదని చెప్పు."

"చెప్తాను. ఒట్టు." చోయ్‌జిల్ గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "కానీ పిల్లా... ఈ మసి పెట్టేది దేని కంటా పడకూడదనే కదా. మీ నాన్న నిన్ను దేన్నించి దాస్తున్నాడే?"

బయట మంచు కరకరలాడింది.

కొండ వైపు నించి. అడుగులు. గుడారం చుట్టూ, నిదానంగా... గుడ్డకి ముక్కు ఆనించి వాసన చూసినట్టు ఊపిరి.

చోయ్‌జిల్ కెటిల్ అడుగు తడిమి, నుదురంతా పూసుకున్నాడు.

ఉయంగా పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది. వాకిలికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇక్కడ మనుషుల్లేరు," అని కేకేసింది. "కుందేళ్లున్నాయి. పో!"

అడుగులు ఆగిపోయాయి.

మంచు కిందనించి, ఔనన్నట్టు — టక్.