యువనేత కుడి కనుబొమ్మ

సకల జనుల సమ్మె రోజులు. కోరుట్ల రోడ్డు మీద రాస్తారోకో. యువనేత రాకేశ్ మైకు పట్టుకుని గర్జిస్తుంటే, జగిత్యాల వెళ్లాల్సిన స్కూటీ ఒకటి సరాసరి అతని ముందుకొచ్చి ఆగింది.

"జర జరగండి. నేను డాక్టర్ను. క్లినిక్‌ల పేషెంట్లున్నరు."

"పోండి మేడం, డాక్టర్లను ఆపం," అన్నాడు రాకేశ్ ఎంతో మర్యాదగా. అతని కుడి కనుబొమ్మ మాత్రం నెత్తికెక్కి కూర్చుంది.

"ఏంది గా చూపు? నేను అబద్ధం చెప్తున్ననా?"

"అయ్యో, నమ్మిన మేడం!"

కనుబొమ్మ దిగలేదు. స్కిన్ డాక్టర్ ప్రవీణ కోపంగా దగ్గరికొచ్చి, అతని నుదుటిని పరీక్షగా చూసి కిసుక్కున నవ్వింది. "సూదులు ఎక్కడ ఏయించుకున్నరు?" అంది మెల్లగా.

నేత గబుక్కున మైకును అరచేత్తో మూశాడు. సిరిసిల్ల దాకా కట్టిన ఫ్లెక్సీల్లో నుదుటి ముడతలు కనబడుతున్నాయని హైదరాబాద్‌లో రహస్యంగా బొటాక్స్ చేయించుకున్నాడు మరి. ఉద్యమానికి ప్రాణాలైనా ఇస్తానంటాడు గానీ, ముడతలు మాత్రం ఇవ్వలేకపోయాడు పాపం!

"మెల్లగ మేడం, పోరగాళ్లు వింటరు!"

"నడిమిట్ల కండరం పడుకుంది, చివర్ల పడుకోలె. గక్కడ చిన్న చుక్క ఏస్తే దిగుతది. క్లినిక్‌కు రండి."

వెళ్లాడు. ఒకసారి ధైర్యం చాలక, ఇంకోసారి కరెంటు లేక, ఆ తర్వాత ఆమెతో చాయ్ తాగుతూ మరిచిపోయి, సూది వేయించుకోకుండానే తిరిగొచ్చాడు. మేడం కాస్తా ప్రవీణ అయింది. ప్రేమిస్తున్నానని చెప్పడానికే నోరు రాలేదు.

అంతలో దీక్షా శిబిరానికి ప్రవీణతో పాటు డాక్టర్లు మద్దతుగా వచ్చారు. బీడీలు చుట్టే మొగిలవ్వ మైకు అందుకుంది.

"నా చేతులు పడిపోయినయి బిడ్డా. మన రాష్ట్రమొస్తే నా మనుమరాలికైన నౌకరి వస్తది..." అంటూ రాకేశ్ మొహం చూసి ఆగిపోయింది. "ఏందిర? నా గోస నీకు నవ్వులాటగున్నదా?"

శిబిరమంతా అతని వైపు తిరిగింది. ప్రవీణ పక్కకొచ్చి, "నిజం చెప్పు. గీ అవ్వ ఏడ్చుకుంట ఇంటికి పోతే నాతో మాట్లాడకు," అంది.

చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. రాకేశ్ మైకు తీసుకున్నాడు.

"అవ్వా, నిన్ను చూసి నవ్వలె. ఫ్లెక్సీల మంచిగ కనబడాలని మొఖానికి సూదులేయించుకున్న. కనుబొమ్మ దిగుతలేదు."

శిబిరం ఘొల్లుమంది. మొగిలవ్వ లేచొచ్చి, బొటనవేలితో ఆ బొమ్మను కిందికి నొక్కి చూసి, "నీ సోకుల మన్నువడ!" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఇద్దరు పెద్ద నాయకులు మాత్రం నుదుటి మీదికి కండువాలు లాక్కుని, ఆ సూదులు ఎక్కడ వేస్తారో రాకేశ్ చెవిలో అడిగి వెళ్లారు.

సాయంత్రం క్లినిక్‌లో ప్రవీణ సిరంజీ తీసింది.

"ఆగు. ముందుగాల ఓ మాట. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"నీ మొఖం చూస్తే నీకే నమ్మకం లేనట్టున్నది."

"మొఖం చూడకు ప్రవీణా. నువ్వంటే నాకు పానం." మైకు ముందు ఏనాడూ వణకని గొంతు వణికింది.

ఆమె అతని నుదుటిని దూదితో తుడిచింది. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

"కదలకు. మా బాపుకు నేను చెప్పుకుంట. గని బొమ్మ దిగినంకనే మా ఇంటికి రా. మందు పట్టనీకి వారం ఆగాలె."

"తెలంగాణ కోసం ఇన్నేండ్లు ఆగినం, నీ కోసం వారం ఆగనా?"