ఎడమవైపు లాక్

కారు ఎడమవైపుకి కూలబడి ఉంది. కుడివైపు మాత్రం రెండడుగుల ఎత్తున గాలిలోనే నిలిచింది.

దాని కింద శివశంకర్. వయసు ముప్పై నాలుగు. ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవరు. ప్రాణం పోయి గంట దాటింది.

పదకొండూ అయిదుకు ప్రమాదం. పన్నెండూ పదికి ఇన్‌స్పెక్టర్ సుమలత ఎయిర్‌పోర్టు పక్కనున్న మంఖాల్‌లోని ఆ ఇంటి ముందు జీపు దిగింది. విమానం ఒకటి బాగా కిందుగా పోయింది. ఎవరూ తలెత్తలేదు.

కారుకి అటొకటి, ఇటొకటి ఇనుప ఫ్రేములు. పక్కన కరెంటు పంపు. ఇంట్లోనే సర్వీసింగ్ చేసుకోవచ్చని శివశంకర్ ఈ హైడ్రాలిక్ లిఫ్ట్ కొని పది రోజులైంది.

అతని భార్య సంతోషి అప్పటికే కంప్లైంట్ రాసిచ్చింది. చంపింది మరిది మహేష్ అని. కారు ఎవరు నడపాలన్న దాని మీద అన్నదమ్ములు పొద్దున్నే గొడవపడ్డారట. పంపు దగ్గర ఉన్నది మహేషేనట.

"నేను ఉరికొచ్చేసరికి అన్నను గుంజకుండ ఆ ఎడమ ఫ్రేము కాడ ఏందో గెలుకుతున్నడు మేడం. నా కండ్లతోని చూసిన."

మహేష్ కాదనలేదు.

"తప్పు నాదే. నన్ను తీస్కపోండ్రి."

ఆ ఒప్పుకోలు సుమలతకు నచ్చలేదు. మరీ తొందరగా వచ్చింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని టార్చ్ వేసింది. ఎడమవైపు పైపు జాయింటు ఊడి, ఆయిలంతా నేలపాలైంది. ఆయిల్ పోతే ఫ్రేము దిగుతుంది. అందుకే లాక్ ఉంటుంది. కారు లేపాక ఇనుప కడ్డీ ఫ్రేముకున్న పళ్ల మధ్యలో పడాలి. టక్కుమంటుంది. ఆ తర్వాత చుక్క ఆయిల్ లేకపోయినా బరువు ఇనుము మోస్తుంది. కుడివైపు మోస్తున్నది అదే.

ఆ చప్పుడు వినకుండా శివశంకర్ ఎన్నడూ కిందికి దూరడని సంతోషే చెప్పింది. విన్నాడు. ఒకవైపుదే విన్నాడు.

ఎడమ కడ్డీ పడి ఉంటే పైపు ఊడినా కారు నిలిచేది. ఎందుకు పడలేదు?

లిఫ్ట్ నిండా పసుపు బొట్లు. పూజ గుర్తులే కదా అని కానిస్టేబుళ్లు వదిలేశారు. కానీ ఎడమ కడ్డీకి లోపలివైపు కూడా పసుపుంది. అందులో తెగిన నూలు పోగు. మహేష్ జేబు ఉబ్బి ఉండటం సుమలత చూసింది.

"మహేష్, జేబులో ఉన్నది తియ్."

అతని చెయ్యి జేబును గట్టిగా అదుముకుంది. మొదటిసారి ఆ ముఖంలో భయం.

"జైల్ల ఏస్కోండ్రి మేడం. గదొక్కటి ఒద్దు."

కానిస్టేబుల్ బయటికి తీశాడు. నలిగిన నిమ్మకాయ. తెగిన పసుపు దారం. ముడి ఇంకా బిగిసే ఉంది.

చంపదలచినవాడు నిమ్మకాయ కట్టడు. దిష్టి తగలకూడదని కట్టారెవరో. వేలాడదీయడానికి వీలుగా ఉందని కడ్డీని, ఫ్రేమును కలిపి కట్టేశారు. అందుకే కడ్డీ పడలేదు. కారు కూలగానే మహేష్ అది చూశాడు. ఎవరి కంటా పడకముందే తెంపి దాచాడు.

అతని చూపు అరుగు వైపు పోయింది. అక్కడ వాళ్లమ్మ రుక్మిణమ్మ గోడకానుకుని కూర్చుంది.

సుమలత అతన్ని పక్కకు పిలిచింది. నోరు విప్పకపోతే యావజ్జీవం పడొచ్చంది.

"పడనీ మేడం."

అతన్ని అలా జైలుకు పంపడం ఆమె వల్ల కాలేదు. అందరినీ పిలిచి మొత్తం చెప్పింది. పైపు, కడ్డీ, దారం. పేరు మాత్రం చెప్పలేదు.

రుక్మిణమ్మ లేచింది. మెల్లగా వచ్చి కానిస్టేబుల్ అరచేతిలోకి చూసింది.

"శుక్రారం నేనే కట్టిన. ఊడిపోవద్దని రెండు ముళ్లేసిన."

ఆమె ఆ ముడి మీద వేలు పెట్టి, సుమలత వైపు తిరిగింది.

"గిది లేకుంటే నా కొడుకు బతుకుతుండెనా బిడ్డా?"

 

జవాబు సంతోషి చెప్పింది. కంప్లైంటు కాగితం మీద సంతకం పెట్టిన చేత్తోనే అత్త భుజం పట్టుకుంది.

"లేదత్తమ్మా. పైపు పోయినంక ఎట్లయినా పడుతుండె."

మహేష్ వదిన వైపు చూశాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

సుమలత టార్చ్ ఆర్పింది. కాదనలేదు.