ఛాతీ మీద ఏడు పట్టీలు

ఇలా దగ్గరగా జరగండి. కుర్చీలు లాక్కోండి. ఫాల్ రివర్ ఊళ్ళో మా వీధిలో జరిగిన కేసు ఇది. గట్టిగా చెబితే ఇప్పటికీ కొందరికి గిట్టదు.

గురువారం ఉదయం ఏడింటికి అర్మిందో ఫుర్తాదో తన కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. నలభై ఏళ్ళు ఊళ్ళో ఇళ్ళకు కప్పులు వేసిన మనిషి. బనియను ఎత్తి చూస్తే ఛాతీ మీద, అంటించుకుంటే చర్మంలోంచి మందు ఎక్కే నొప్పి పట్టీలు.

ఒకటి కాదు. ఏడు.

వాడేసిన పట్టీలో కూడా మందు మిగులుతుంది. ఏడూ కలిస్తే విషమే.

అనుమానం కోడలు ఇల్డా మీద పడింది. మొగుడు పోయినా మామను వదలకుండా చూసుకున్న మనిషి. మందులు తెచ్చేది ఆమె. ఇల్లు దక్కేదీ ఆమెకే. పైగా రొట్టెల కొట్లో అందరి ముందూ, "ఈ ముసలాయన నన్ను పాతిపెట్టి గానీ పోడు" అనేసింది. కోపంలో అననివాళ్ళెవరు? కానీ నేరం రుజువైతే బతుకంతా జైలే.

డిటెక్టివ్ నోరా టియర్నీ ఆమెను స్టేషన్‌లో కూర్చోబెట్టింది.

"పట్టీలు ఎవరు అంటించారు?"

"ఆయనే. నన్ను చెయ్యి వెయ్యనిస్తేగా! సూప్‌లో ఉప్పు ఎక్కువైతేనే వీధంతా చాటేవాడు. మందు ఎక్కువ పెడితే ఊరుకుంటాడా మేడమ్?"

"మీరు చూడలేదా?"

"మామగారి బనియను ఎత్తి చూడమంటారా? సిగ్గు లేదూ!"

నోరా శవం ఫోటో చూసింది. మళ్ళీ చూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఎదురింటి కప్పు వంక తేరిపార చూసింది.

మర్నాడు అందరినీ క్లినిక్‌లో కూడేసింది. ఇల్డా తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. డాక్టర్ విట్‌కోంబ్ ఉన్నాడు. పక్కన ప్రిసిల్లా. డాక్టర్లు రోగులకు ఎంత స్పష్టంగా చెబుతున్నారో చూసి మార్కులు వేయడం ఆ అమ్మాయి ఉద్యోగం.

"ఫుర్తాదోకు ఏం చెప్పారు, డాక్టర్?"

"మూడు రోజులకొకసారి కొత్త పట్టీ వేసుకోమన్నాను. అర్థమైందా అన్నాను. తలూపాడు."

"పాతది తీసేయమన్నారా?"

"అదీ చెప్పాలా? ఎవరికైనా తెలుస్తుంది!"

నోరా ఫోటో బల్ల మీద పెట్టింది.

"వరుస చూడండి. కింది నుంచి పైకి. పైదాని అంచు కిందిదాని మీదికి. చంపేవాళ్ళు ఇంత ఒద్దికగా వేయరు. కప్పు వేసేవాడు వేస్తాడు. పాత పెంకులు పీకకుండా వాటి మీదే కొత్తవి పరిచిన చేతులివి. ఎవరూ వద్దనలేదు. తనకు తెలిసిన పనే చేశాడు."

ప్రిసిల్లా ఫోటో మీదికి వంగింది. "ఆ రోజు నేనూ ఉన్నాను. డాక్టర్‌గారికి పదికి పది వేశాను."

"ఎందుకు?"

"'అర్థమైందా' అని అడిగితే పూర్తి మార్కులండి."

"ఆయనకు ఏం అర్థమైందో ఎవరూ అడగలేదా?"

"దానికి మార్కులు లేవండి."

డాక్టరు ముందు తలూపడం వలస వచ్చిన మావాళ్ళకు మర్యాద. తెలియలేదనడం తలవంపు. వీళ్ళు ఆ మర్యాదను కొలిచి, స్పష్టత అని పేరు పెట్టారు.

"మీరు ఇంటికి వెళ్ళొచ్చు ఇల్డా" అంది నోరా.

"మరి ఎవర్ని పట్టుకెళ్తారు?"

"ఎవర్నీ కాదమ్మా. ప్రమాదమని రాస్తాను."

"ఓహో. నేనైతే హత్య. డాక్టర్‌గారైతే ప్రమాదం."



ఆ ఏడాది స్పష్టంగా మాట్లాడే డాక్టరని విట్‌కోంబ్‌కే బహుమానం వచ్చింది. చర్చిలో ఇల్డా పక్కన ఇప్పటికీ ఎవరూ కూర్చోరు.

అందుకే అడుగుతున్నాను. గుర్తుపెట్టుకోండి. నలుగురికీ చెప్పండి, పేరుతో సహా చెప్పండి. ఇల్డా ఫుర్తాదో మామను చంపలేదు.