నోటు రెండో సగం

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముందుగదిలో మంచంపట్టిన తాతయ్య, ఆయన పాదాలు రుద్దుతూ నానమ్మ, కొట్టంలో పని ముగించుకుని బూట్లు విప్పుతున్న నాన్న, నేను. లెక్కలోకి రానివాడొకడు వంటింటి గుమ్మంలో తడిసి నిలబడ్డాడు. ఏసా ప్రూట్.

తాతయ్య అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్నప్పటి కాగితం నోట్లు సేకరించేవాడు. చిల్లర దొరక్క అప్పటివాళ్లు నోటును కత్తెరతో రెండు చేసి వాడుకునేవారు. అలాంటి ఒక సగం ఆయన దగ్గరుంది. రెండో సగం వేలానికి వస్తే, పక్కన కూర్చున్న స్నేహితుడే ఎక్కువ పాడి ఎగరేసుకుపోయాడు. అతను ఏసా తాత.

"ఆ సగం నా బల్ల మీదికి వచ్చిన రోజే ప్రూట్లు నా ఇంట్లో కూర్చునేది" అనేవాడు తాతయ్య.

బడి బస్సులో ఏసా ఎప్పుడూ నా వెనకే. వేరే సీటు దొరకలేదంటాడు.

"తెచ్చావా?" అన్నాను గుమ్మం దగ్గరికి వెళ్లి.

"లేదు, నీ మొహం చూసి పోదామని వచ్చాను." చొక్కా లోపలినుంచి కవరు తీశాడు. "మా నాన్నకు తెలిస్తే నన్నూ రెండు ముక్కలు చేస్తాడు."

"నాకు ఏ సగం ఇస్తాడు?" అనేశాను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"వీణ్ణెవరు రానిచ్చారు?" అన్నాడు నాన్న.

"రానీ, లోవెల్," అంది ముందుగదిలోంచి తాతయ్య గొంతు.

మంచం పక్క బల్ల మీద రెండు సగాలూ వెనకవైపు పైకి వచ్చేలా తిప్పి పెట్టాం. దొంగనోట్లు చేయకుండా అప్పట్లో వేసే ఆకు అచ్చు కింద మాదాంట్లో 'నకిలీ చేస్తే', వాళ్లదాంట్లో 'మరణమే'. మాటలు కలిశాయి. అంచులు కలవలేదు. మాది లోపలికి వంగిన చోట వాళ్లదీ లోపలికే వంగింది. అవి వేర్వేరు నోట్లు.

తాతయ్యకు చూపు పోయి వారమైంది. "హెట్టీ, కలిసిందా?"

ఏసా నావైపు చూశాడు.

"కలిసింది తాతయ్యా."

"ఆకు ఈనె?"

"అతికినట్టే ఉందండీ," అన్నాడు ఏసా.

తాతయ్య నవ్వాడు. "తడిసిపోయి ఉంటావు కదరా. వీడికి ఆపిల్ పై ముక్క కోసి పెట్టవే. నా కుర్చీలో కూర్చోబెట్టు."

ఏసా కూర్చున్నాడు. నానమ్మ ముక్క కోసిచ్చి మళ్లీ మంచం దగ్గరికి వెళ్లింది. అతను రెండో ముద్ద తింటుండగా, పాదాలు రుద్దుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

ఎవరూ ఏడవలేదు. నాన్న తాతయ్య కళ్లు మూశాడు. తర్వాత తాతయ్య వాడే భూతద్దం తీసుకుని బల్ల మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు.

"ఆయన అడిగితే మీరు చెప్పింది ఇదా?"

"నాన్నా, ఆయన నవ్వుతూ..."

"బతుకంతా ఒక్క నకిలీని గుమ్మం దాటనివ్వలేదు. పోయేముందు ఆయన చేతిలో అదే పెట్టారు."

"తప్పు నాదండీ," అని లేచాడు ఏసా.

"బయటికి నడు."

అతని సగం బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని పట్టుకుని ఉత్తకాళ్లతో పరిగెత్తాను. మెట్ల మీద అందుకున్నాడు, నా వేళ్లతో సహా.

"హెట్టీ, బస్సులో సీట్లు ఎప్పుడూ ఉంటాయి," అన్నాడు. "దొరకలేదన్నానే, అదీ అబద్ధమే."

నవ్వబోయి వెనక్కి తిరిగాను. గుమ్మంలో నాన్న. నా బూట్లు తెచ్చి, జతగా మెట్టు మీద పెట్టి, తలుపు వేసి లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.